షెడ్డు ఉన్నది, ట్రాక్టర్ ఉన్నది... మరి చెత్త ఎందుకు కాలుతున్నది?

మన ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి పాలమూరు జిల్లాలల్ల ఏ ఊరికి పోయినా ఊరి బయట ఒక రేకుల షెడ్డు కనబడ్తది. గోడ మీద ఒక దిక్కు 'తడి చెత్త', ఇంకో దిక్కు 'పొడి చెత్త' అని రంగుతోని రాసి ఉంటది. నడుమ అరలు కట్టి ఉంటయి. చానా ఊర్లల్ల ఆ అరలు ఖాళీగనే ఉంటయి. షెడ్డు పక్కపొంటి మాత్రం ఒక బొంద, ఆ బొందల కుప్ప, ఆ కుప్పల కెళ్ళి పొగ. పొద్దుగూకితే ఆ పొగ ఊర్లెకే వస్తది.

గీ ముచ్చట ఇప్పుడెందుకంటే, 2025 డిసెంబర్ల మూడు విడతల పంచాయతీ ఎలక్షన్లు అయినయ్. అంతకుముందు 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేండ్లు మన ఊర్లకు సర్పంచే లేడు. స్పెషల్ ఆఫీసర్లు పేరుకే ఉన్నరు. ఎలక్షన్ కాలేదని ఢిల్లీ నుంచి రావాల్సిన ఫైనాన్స్ కమిషన్ పైసలు ఆగినయ్. డీజిల్‌కు పైసలు లేక చెత్త బండ్లు షెడ్ల కింద పండుకున్నయ్. ఇప్పుడు కుర్సీల మీద కొత్తోళ్ళు కూసున్నరు. సీసీ రోడ్డు, బోరు, బొడ్రాయి పండుగ... అందరు ఏదో ఒకటి అడుగుతనే ఉన్నరు. చెత్త గురించి మాత్రం ఎవ్వలు అడుగుతలేరు. అడగాల్సింది ఫోన్ చేతుల ఉన్న మన పోరగాండ్లే, పోరిలే. గందుకే జర లోపలికి పోయి మాట్లాడుకుందాం.

ఎనుకట చెత్త ఏడికి పోయేది?

మన తాతల కాలంల ఇంటెనుక పెంటకుప్ప ఉండేది. కొట్టంల పేడ, పొయ్యిల బూడిద, వాకిలి ఊడ్చిన కసువు, పశువులు తినంగ మిగిలిన చొప్ప, అన్నీ దాని మీదికే పోయేటియి. ఎండకాలం రాంగనే బండ్లు కట్టి చేన్లకు పెంట తోలేటోళ్ళు. మిరుగు లోపల పెంట చల్లుడు అయిపోవాలె. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూరగాయల పొట్టు కుడితి గోలెంల పడి బర్రెకు పోయేది. పెండ్లి అయితే మోదుగాకు ఇస్తార్లు. తిన్నంక ఆకు పెంటల కలిసేది. పాలమూరు దిక్కు చేన్ల గొర్ల మంద పెట్టిచ్చుకునేటోళ్ళు. గొల్లకురుమలకు గింజలో పైసలో ఇచ్చి, మందను రాత్రి చేన్ల పండబెట్టిస్తే, ఆ ఎరువు ఏ దుకాణంల దొరుకుతది?

ఇగ ఇనుము, సీసాలు, చినిగిన చీరలు ఏమయ్యేటియి? పాత సామాన్లోడు వచ్చేటోడు. ఇనుప ముక్కకు ఉల్లిగడ్డలు, పాత చీరలకు స్టీలు గిన్నె. గిప్పుడు 'రీసైక్లింగ్' అని పెద్ద పేరు పెట్టి మాట్లాడే పనిని మన అవ్వలు గడప కాడ బేరమాడి చేసిండ్రు. ఆ కాలం అంత మంచిగనే ఉండెనని నేను అంటలేను. ఆ పెంట ఎత్తింది ఎవరు, ఎవరితోని ఎట్టి చేయించుకున్నరు అన్న లెక్క వేరే ఉన్నది. కని ఒక్క ముచ్చట నిజం: ఊర్లె పుట్టింది ఊర్లెనే మన్నుల కలిసేది.

గా గొలుసు మూడు తాన్ల తెగింది. ఒకటి, ట్రాక్టర్ వచ్చి ఎడ్లు పోయినయ్, కొట్టాలు పోయినయ్, పెంటకుప్ప పోయింది. రెండు, ఇండ్లు దగ్గరదగ్గరయినయ్, ఎనుక జాగ లేదు. మూడు, మన్నుల కలవని సామాను వచ్చింది. షాంపూ ప్యాకెట్టు, గుట్కా పొట్లం, నీళ్ళ ప్యాకెట్టు, థర్మాకోల్ పళ్ళెం, చిన్న పిల్లల డైపరు. ఈ మూడోదాన్ని పాత పెంటకుప్ప మీద ఏస్తే ఎరువు ఎరువు కాదు, చెత్త చెత్త కాదు. దాన్ని చేన్ల చల్లితే నాగలికి కవర్లు తట్టుకుంటయి. కుప్ప మీద మేసిన ఆవు కడుపుల కవర్లు జమయితయి.

పైసలు ఏడ పెట్టిండ్రు, ఏడ పెట్టలే?

సర్కారు ఏం చెయ్యలేదని అంటే అబద్ధమైతది. 2019 సెప్టెంబర్ల 30 రోజుల కార్యక్రమం పేరు మీద పల్లె ప్రగతి షురూ అయింది. రాష్ట్రంల ఉన్న 12,769 పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు, డంపింగ్ యార్డు, నర్సరీ, వైకుంఠధామం అని పెట్టిండ్రు. షెడ్లు ఉపాధి హామీ పైసలతోని కట్టిండ్రు. ట్రాక్టర్లు చానా ఊర్లల్ల బ్యాంకు లోన్ మీద కొన్నయి. కిస్తీ పంచాయతీ పైసల కెళ్ళే కట్టాలె. కేంద్రం దిక్కుకెళ్ళి స్వచ్ఛ భారత్ రెండో విడత 2020ల వచ్చింది. 5,000 జనాభా లోపల ఉన్న ఊరికి చెత్త పనికి తలకు 60 రూపాయల లెక్క. అంటే 2,000 మంది ఉన్న ఊరికి లక్షా 20 వేలు. 15వ ఫైనాన్స్ కమిషన్ ఇచ్చిన పైసలల్ల నూటికి 60 వంతులు నీళ్ళకు, పారిశుద్ధ్యానికే వాడాలెనని కట్టడి ఉండె.

మంచిదే. కని గీ పైసలు దేనికి పోయినయో చూడుండ్రి. సిమెంటుకు పోయినయ్, రేకులకు పోయినయ్, ఇంజన్‌కు పోయినయ్. ఇంటింటికి తిరిగి 'అక్కా, గీ బకెట్ల తడిది, గా సంచిల పొడిది వెయ్యి' అని నెలల తరబడి చెప్పే మనిషికి పోలే. ఎరువు చేసుడు తెలిసిన మనిషికి పోలే. షెడ్డుకు ఫోటో దిగుతది, బిల్లు పాసైతది. పని అలవాటైందా అన్నదానికి ఫోటో దిగది, బిల్లు లేదు. అందుకే షెడ్డు నిలబడ్డది, అలవాటు నిలబడలే.

ఇంకో ముచ్చట. చానా ఊర్లల్ల ఇంట్ల ఆడోళ్ళు రెండు బకెట్లల్ల ఏరు చేసి పెడితే, బండి వచ్చి రెండిటిని ఒక్క ట్రాలీలనే గుమ్మరిస్తది. రెండ్రోజులు చూస్తది ఆ తల్లి, మూడో రోజు ఒక్క బకెట్లనే ఏస్తది. తప్పు ఆమెదా? జనానికి అవగాహన లేదు అని మీటింగులల్ల మాట్లాడే సార్లు ముందుగాల ట్రాలీల నడుమ ఒక రేకు అడ్డం పెట్టియ్యాలె.

సూర్యాపేట ముచ్చట మరిచినమా?

'గివన్నీ బెంగుళూరు, ఇండోర్ల అయితయి గని మన దిక్కు అయితయా' అనేటోళ్ళకు ఒక ముచ్చట చెప్పాలె. 2000 తర్వాత మొదటి ఏండ్లల్ల దేశమంతా ఒక చిన్న పట్నం దిక్కు చూసింది. అది అప్పటి నల్లగొండ జిల్లా సూర్యాపేట. లక్ష దాటిన జనాభా, రోజుకు దాదాపు 30 టన్నుల చెత్త. అప్పటి మున్సిపల్ కమిషనర్ ఖాదర్ సాహెబ్. ఆయన చేసిన పని వినటానికి ఉల్టా అనిపిస్తది. బజార్లల్ల ఉన్న చెత్త కుండీలు తీసేయించిండు. కుండీ ఉంటే జనం అన్నీ కలిపి దాంట్ల ఏస్తరు, కుక్కలు పందులు గుంజుతయి. కుండీ లేకుంటే ఇంటి కాడికే బండి పోవాలె. ఇంటి కాడనే తడి వేరు, పొడి వేరు తీసుకున్నరు. తడిదాన్ని వానపాములతోని ఎరువు చేసిండ్రు. పొడిదాన్ని ఏరి అమ్మిండ్రు. మున్సిపాలిటీకి ఎదురు పైసలు వచ్చినయ్. 'చెత్త కుండీ లేని పట్నం' అని పేరు పడ్డది.

దీన్ని దేశానికి చెప్పినోళ్ళల్ల అల్మిత్రా పటేల్ ఒకరు. 1996ల సుప్రీం కోర్టుల చెత్త మీద కేసు ఏసింది ఆ తల్లే. ఆ కేసు ఒత్తిడితోనే 2000ల మొదటిసారి మున్సిపల్ చెత్త నియమాలు వచ్చినయ్. అదే కేసుల 2016 డిసెంబర్ల గ్రీన్ ట్రిబ్యునల్ తీర్పు ఇచ్చింది: బహిరంగంగ చెత్త కాలబెడితే 5,000 రూపాయల జుర్మానా, పెద్ద ఎత్తున కాలబెడితే 25,000. మన ఊరి డంపింగ్ యార్డుకు అగ్గి పెట్టేది చానాసార్లు పంచాయతే. మరి జుర్మానా ఎవరు ఎవరికి కట్టాలె?

సూర్యాపేట కాడ నేర్చుకునేది రెండు ముచ్చట్లు. ఒకటి, పెద్ద మిషన్ లేకుండనే పని అయితది. ఇంటి కాడ ఏరు చేసుడు, రోజు తప్పకుండ బండి వచ్చుడు, ఈ రెండే అసలు. రెండు, ఒక్క ఆఫీసర్ మీద నిలబడ్డ పనికి ఎప్పుడూ గండం ఉంటది. ఆఫీసరుకు బదిలీ ఉంటది, ఊరికి బదిలీ ఉండది. అందుకే పని ఊరి చేతులకు రావాలె. ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడ మండలంల ముఖరా(కె) అనే చిన్న ఊరు ఉన్నది. అక్కడ పంచాయతీనే చెత్తతోని ఎరువు చేసి అమ్మి ఆదాయం తెచ్చుకున్నది. వాళ్ళ షెడ్డు మన షెడ్డు ఒక్కటే తీరు. తేడా షెడ్డుల లేదు.

లెక్క కడ్దాం, అబద్ధాలు వద్దు

చెత్త నుంచి బంగారం అనే ముచ్చట్లు చానా నడుస్తయి. మనం పలుక మీద లెక్క కడ్దాం. 500 గడపల ఊరు అనుకోండ్రి. గడపకు రోజుకు అర్ధ కిలో తడి చెత్త అనుకుందాం. రోజుకు 250 కిలోలు. ఏడాదికి దాదాపు 91 టన్నులు. మాగి ఎరువయ్యేటాళ్ళకు నాలుగో వంతు మిగులుతదనుకుంటే 22, 23 టన్నులు. దాంట్ల నత్రజని నూటికి ఒక వంతు అనుకుంటే దాదాపు 225 కిలోలు. ఒక 45 కిలోల యూరియా బస్తాల నత్రజని 20 కిలోల పైన ఉంటది. అంటే ఊరందరి తడి చెత్త కలిపితే ఏడాదికి 11 బస్తాల యూరియా అంత.

2025 వానకాలంల యూరియా కోసం మన రైతులు సొసైటీల ముంగట చెప్పులు, పాస్‌బుక్కులు లైన్ల పెట్టి తెల్లారేదాకా కూసున్నరు. ఇంటి చెత్త ఎరువుతోని ఆ లైను తప్పుతదని ఎవరన్న చెప్తే నమ్మకుండ్రి. 11 బస్తాలు ఊరి మొత్తానికి ఏ మూలకు?

మరి ఎందుకు చెయ్యాలె? మూడు లాభాలు ఉన్నయ్. అవి యూరియా లెక్కల రావు.

ఒకటి, మన నేలలు. పాలమూరుల, నల్లగొండ దేవరకొండ దిక్కు ఎక్కువ ఎర్ర చెల్కలు, దుబ్బ నేలలు. వాన పడితే నీళ్ళు నిలవయి, వారం ఎండ కొడితే చేను వాడుతది. యూరియా మొక్కకు బలమిస్తది గని మన్నుకు నీళ్ళు పట్టే గుణం ఇయ్యది. మాగిన ఎరువు ఆ పని చేస్తది. ఎకరానికి నాలుగు టన్నుల లెక్కన ఆ 22 టన్నులు ఐదారెకరాలకు సరిపోతది. చిన్నదే. కని ఇంటెనుక కూరగాయలకు, ఊరి నర్సరీకి బాగ పనికొస్తది. నర్సరీ కవర్లల్ల మన్ను, ఇసుక, ఎరువు కలిపి నింపాలె. ఆ ఎరువు పంచాయతీ బయట కొంటున్నదా, షెడ్డుల చేస్తున్నదా? గిది అడగాల్సిన ప్రశ్న.

రెండు, డీజిల్. ఊరి చెత్తల సగానికి ఎక్కువ తడిదే. కుళ్ళేది అదే, వాసన వచ్చేది అదే, రోజూ ఎత్తాల్సింది అదే. తడిది ఇంటి కాడనో గల్లీ చివరనో మన్నుల కలిసిపోతే, పొడిది వారం ఉన్నా కుళ్ళది. బండి రోజు తిరిగే బదులు వారానికి రెండుసార్లు తిరిగితే చాలు. ఆ మిగిలిన డీజిల్ పైసలు కార్మికుల జీతానికి పోవాలె.

మూడు, పొడి చెత్తకు విలువ. కూర రసం అంటిన అట్టపెట్టెను ఏ పాత సామాన్లోడు తీసుకోడు. తడి కలవకుంటే అట్ట, పాల కవరు, సీసా, ఇనుము, ప్లాస్టిక్ డబ్బా అన్నీ అమ్ముడు పోతయి. కలిపితే అన్నీ కాలబెట్టేటియే. అంటే తడిదాన్ని ఏరు చేసుడే పొడిదాన్ని కాపాడుడు.

ఇంటి కాడ ఎరువు బొంద ఎట్ల?

జాగ ఉన్నోళ్ళు యాప చెట్టు నీడల మూడడుగుల పొడుగు, రెండడుగుల ఎడల్పు, రెండడుగుల లోతు బొంద తవ్వుకోవాలె. జాగ లేనోళ్ళకు రెండు పాత ప్లాస్టిక్ బకెట్లు లేకుంటే పగిలిన కుండలు చాలు. అడుగున, పక్కలకు బొక్కలు పెట్టాలె. గాలి ఆడకుంటే కుళ్ళుతది, మాగది. కుళ్ళుడు వేరు, మాగుడు వేరు. వాసన కొట్టేది కుళ్ళుడు.

అడుగున ఎండాకులు, పల్లికాయ పొట్టు, ఊక, చిన్నగ విరిచిన కంది కట్టె, ఏది దొరికితే అది జానెడు పరుచుండ్రి. దాని మీద వంటింటి తడి చెత్త: కూరగాయల పొట్టు, చాయపత్తా, అరటి తొక్క, వాడిన పూలు. ఒక దోసెడు తడిదానికి రెండు దోసిళ్ళ ఎండుది కప్పాలె. చానామంది ఇక్కడనే తప్పుతరు. ఎండుది ఎయ్యకుంట తడిదే ఏస్తరు, నాలుగో రోజు వాసన, పురుగులు, ఇగ 'గీ పని మనతోని కాదు' అని బంద్ పెడ్తరు. అందుకే ముందుగాల ఒక గోనె సంచి నిండ ఎండాకులు జమచేసి పక్కన పెట్టుకునే పని షురూ చెయ్యాలె. మన దిక్కు ఎండకాలంల ఎండాకులకు కరువు లేదు, వాటిని కుప్ప ఊడ్చి కాలబెడుతున్నం గంతే.

పేడ నీళ్ళో, పుల్లటి మజ్జిగో జర చల్లితే తొందరగ మాగుతది. తడి ఎంత ఉండాలె అంటే, పిడికిట్ల పట్టి పిసికితే ఒకటి రెండు చుక్కలు రావాలె, కారొద్దు. మన ఎండలకు బొంద తొందరగ ఎండుతది, తడి గోనె సంచి కప్పుండ్రి. వానకాలంల నీళ్ళు నిండకుండ మీద రేకు పెట్టుండ్రి. వారం పది రోజులకు ఒక్కసారి కట్టెతోని మీదిది కిందికి తిప్పాలె. వాసన వస్తే తడి ఎక్కువైందని గుర్తు, ఎండాకులు ఎయ్యాలె. ఎన్ని రోజులైనా అట్లనే ఉంటే ఎండిపోయిందని గుర్తు, నీళ్ళు, పేడ చల్లాలె.

బొక్కలు, మాంసం, నూనె కారే కూరలు ఎయ్యొద్దు. కుక్కలు తవ్వుతయి. వానపాములు ఏసేటోళ్ళు పచ్చి కుప్పల ఎయ్యొద్దు, ఆ వేడికి సస్తయి. రెండు మూడు వారాలైనంక వేడి తగ్గితే అప్పుడు ఎయ్యాలె. రెండు మూడు నెలలకు నల్లగ, పొడిపొడిగ అయి, తొలకరి వానకు లేచే మన్ను వాసన వస్తే ఎరువు అయినట్టు. పాత జల్లెడతోని పట్టి చెట్లకు ఎయ్యుండ్రి.

ప్యాకెట్టు చేసినోడు ఏడ ఉన్నడు?

తడి చెత్త మన చేతుల ఉన్నది. పొడి చెత్తల సగం ముచ్చట మన చేతుల లేదు. రూపాయి షాంపూ ప్యాకెట్టుల, చిప్స్ ప్యాకెట్టుల ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు ఒకదాని మీద ఒకటి అతికిచ్చి ఉంటయి. దాన్ని ఏ పాత సామాన్లోడు కొనడు, ఏ మన్నూ తినది. దీన్ని తయారుచేసినోడు పట్నంల ఉన్నడు, లాభం ఆడికి పోయింది, కవరు మన ఊరి మోరీల మిగిలింది. ఆ మోరీ తీసే పని మాత్రం మన ఊరి దళిత బిడ్డకు మిగిలింది.

చట్టం ఏమంటున్నదో ఎరుక ఉండాలె. 2016 ప్లాస్టిక్ చెత్త నియమాల ప్రకారం ప్లాస్టిక్ ప్యాకింగ్ వాడే కంపెనీనే ఆ చెత్తను తిరిగి సేకరించే బాధ్యత తీసుకోవాలె. 2022ల దీని మీద ఇంకా గట్టి మార్గదర్శకాలు వచ్చినయ్. పొగాకు, పాన్ మసాలా ప్లాస్టిక్ పొట్లాలల్ల అమ్మొద్దని అదే నియమాలల్ల ఉన్నది. 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ గిలాసలు, స్పూన్లు, థర్మాకోల్ అలంకరణలు బంద్ అన్నరు. 120 మైక్రాన్ల లోపల ఉన్న కవర్లు కూడ ఆ ఏడాది చివర నుంచి బంద్. ప్యాడ్లు, డైపర్లు చేసే కంపెనీలు వాటిని చుట్టి పడేసేటందుకు సంచులు ఇయ్యాలెనని చెత్త నియమాలల్ల ఉన్నది. మన ఊరి కిరాణం దుకాణంల గివన్నీ ఎట్ల నడుస్తున్నయో మనకు ఎరుకే. కిరాణం ముసలాయనకు జుర్మానా ఏసి ఫోటో దిగుడు అల్క. కంపెనీని అడుగుడు కష్టం. అధికారులు అల్క పనే చేస్తరు, అందుకే కష్టం పనిని మనం గుర్తు చెయ్యాలె.

మన చేతుల ఉన్నది కూడ ఒకటి ఉన్నది. ఊర్లె చెత్త ఒక్కసారి గుట్ట పడేది పెండ్లిళ్ళకు, దావతులకు. సిద్దిపేట దిక్కు ఊర్లల్ల 'స్టీల్ బ్యాంకు' పెట్టిండ్రు. పళ్ళాలు, గిలాసలు మహిళా సంఘాల తాన ఉంటయి, కిరాయికి తెచ్చుకొని, కడిగి వాపస్ ఇయ్యాలె. మన ఊర్ల మహిళా సంఘాలు గిది చెయ్యలేవా? కిరాయి పైసలు సంఘానికే మిగులుతయి. మోదుగాకు ఇస్తార్లు కుట్టే చేతులు ఇంకా మన దిక్కు ఉన్నయ్.

ఎత్తే చేతుల సంగతి

చెత్త గురించి ఎవలు రాసినా ఇల్లు, బకెట్టు, ఎరువు అని రాసి ఆపుతరు. ఎత్తే మనిషిని మరుస్తరు. పంచాయతీ కార్మికులకు చానా ఏండ్లు 8,500 రూపాయల జీతం. 2023ల వెయ్యి పెంచి 9,500 చేసిండ్రు. అదే ఏడాది వానకాలంల వాళ్ళు సమ్మె చేసిండ్రు. అడిగిన వాటిల ముఖ్యమైంది మల్టీపర్పస్ పద్ధతి తెచ్చిన 51 జీవో రద్దు చెయ్యాలెనని. మల్టీపర్పస్ అంటే ఏంది? ఒక్క మనిషే మోరీ తియ్యాలె, ట్రాక్టర్ నడపాలె, నీళ్ళ మోటరు వెయ్యాలె, చెట్లకు నీళ్ళు పొయ్యాలె, కరెంటు స్తంభం కూడ ఎక్కాలె. గంత పని చేసే మనిషికి జీతం నెలలకు నెలలు రాకుంటే, ఆయన తడి పొడి ఏరు చేస్తడని ఎట్ల అనుకుంటం?

ఇంకో దిక్కుకెళ్ళి చూడుండ్రి. ఊరి చెత్త ఎత్తేటోళ్ళల్ల ఏ కులపోళ్ళు ఎక్కువ? చెప్పనక్కర లేదు. ఎనుకట ఎట్టి అన్నరు, ఇప్పుడు మల్టీపర్పస్ అంటున్నరు. పట్నంల కూడ గదే. హైదరాబాద్ రోడ్లు ఊడ్చే తల్లులల్ల మన పాలమూరు, నల్లగొండ ఊర్ల నుంచి వలస పోయినోళ్ళు ఎంతోమంది. తడి పొడి కలిపి బకెట్ల ఏసినమంటే, కుళ్ళిన దాంట్ల చెయ్యి పెట్టి ఏరే పని ఇంకొకరికి అప్పజెప్పినట్టే. ప్యాడ్లు, డైపర్లు, పగిలిన సీసాలు విప్పార పడేస్తే ఆ చేతికే గాయం. కాయితంల చుట్టి, మీద ఎర్ర గుర్తు పెట్టి వేరే ఇయ్యుడు ఎవ్వలకైనా అయ్యే పని. ఇంట్ల ఏరు చేసుడు శుభ్రత ముచ్చట మాత్రమే కాదు, తోటి మనిషికి ఇచ్చే గౌరవం ముచ్చట.

పట్నం చెత్త, పల్లె మూసీ

'మా ఊరి పిడికెడు చెత్తతోని ఏమైతది, పట్నమోళ్ళను అడుగుపో' అని కొందరు అంటరు. ఆ కోపం న్యాయమైందే. అనంతగిరి కొండలల్ల పుట్టిన మూసీ హైదరాబాద్ మురుగు మోసుకొని మన నల్లగొండ పొలాలల్ల పారి వాడపల్లి కాడ కృష్ణల కలుస్తది. పట్నం కడుక్కున్న నీళ్ళతోని మనం వరి పండించుకుంటున్నం. దాని మీద కొట్లాట ఆగొద్దు. కని పట్నాన్ని అడిగే నోటికి బలం రావాలంటే మన వాగుల, మన చెరువుల మనం కవర్లు ఎయ్యొద్దు. మన ఊరి డంపింగ్ యార్డు చానా తాన్ల చెరువు శిఖంల, వాగు ఒడ్డుననే ఉన్నది. వానొస్తే ఆ కుప్ప ఏడికి పోతదో చూసేందుకు పెద్ద సదువు అక్కర లేదు.

ఇగ మనం చేసేది

2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకు ఒక్కసారి గ్రామసభ పెట్టాలె. ఊరికి నాలుగు స్టాండింగ్ కమిటీలు ఉండాలె, దాంట్ల ఒకటి పారిశుద్ధ్యం, డంపింగ్ యార్డు చూసేది. మన ఊర్లె ఆ కమిటీల ఎవరెవరు ఉన్నరో ఎంతమందికి ఎరుక? వచ్చే గ్రామసభకు పది మంది కలిసి పోండ్రి. గీ ప్రశ్నలు కాయితం మీద రాసి ఇయ్యుండ్రి, తీర్మానం బుక్కుల ఎక్కించుమని అడుగుండ్రి:

షెడ్డు కట్టినంక ఎన్ని కిలోల ఎరువు తయారైంది, రిజిస్టరు చూపియ్యుండ్రి.

ట్రాక్టర్ డీజిల్‌కు నెలకు ఎంత, కిస్తీ ఎంత, ఇంకెన్ని నెలలు?

కార్మికులకు ఏ నెల దాకా జీతం ముట్టింది? చేతి తొడుగులు, బూట్లు ఎప్పుడు ఇచ్చిండ్రు?

ఫైనాన్స్ కమిషన్ పైసలల్ల పారిశుద్ధ్యానికి వచ్చింది ఎంత, దేనికి పెట్టిండ్రు?

యార్డుకు అగ్గి పెడుతున్నది ఎవరు, ఇగ పెట్టమని తీర్మానం చేస్తరా?

పొడి చెత్త ఎవరికి అమ్ముతున్నరు, ఆ పైసలు ఏ ఖాతాల పడుతున్నయ్?

జవాబు రాకుంటే 2005 సమాచార హక్కు చట్టం ఉన్నది, ఒక్క దరఖాస్తు చాలు. కార్యదర్శిని తిట్టే పని పెట్టుకోకుండ్రి. ఆ పిల్లగాడు కూడ పది ఆన్‌లైన్ యాప్‌ల ఫోటోలు ఎక్కించలేక సస్తున్నడు. కాయితం మీద అడుగుండ్రి, కాయితం మీద జవాబు తీసుకోండ్రి.

అడుగుడుతోని పాటు చేసుడు కూడ ఉండాలె. ఊరంతా ఒక్కసారి మారాలంటే మారది. ఒక గల్లీ పట్టుకోండ్రి, 20 గడపలు. ఇంటింటికి పోయి చెప్పేటప్పుడు అమ్మలకే చెప్పకుండ్రి, ఇంట్ల మొగోళ్ళకు కూడ చెప్పుండ్రి. గుట్కా పొట్లం, సిగరెట్టు డబ్బ, బీరు సీసా వంటింట్ల పుట్టవు. మూడు నెలలు ఆ గల్లీల తడిది బయటికి రాకుండ చూడుండ్రి, పొడిది నెలకోసారి పాత సామాన్లోనికి అమ్మి, వచ్చిన పైసలు కార్మికులకే ఇయ్యుండ్రి. ఎన్ని కిలోలు అయిందో ఒక నోట్‌బుక్కుల రాయుండ్రి. ఆ నోట్‌బుక్కు పట్టుకొని గ్రామసభకు పోతే, అవగాహన లేదని చెప్పేటోళ్ళకు నోరు లేవది. ఇరవై గడపల లెక్క చూపెట్టి, మిగిలిన గల్లీలకు ట్రాలీల నడుమ రేకు పెట్టియ్యుండ్రి, జీతం నెల నెల ఇయ్యుండ్రి అని అడుగుండ్రి.

కొత్త సర్పంచులకు ఐదేండ్ల టైం ఉన్నది. మొదటి ఏడాదిలనే అడగకుంటే, ఐదో ఏడు మల్ల గోడలకు రంగులేసి 'తడి చెత్త, పొడి చెత్త' అని రాసి ఫోటో దిగుతరు.